ముందు పంజరం, తర్వాతే హ్యామ్‌స్టర్

పోయిన దీపావళికి మా బామ్మర్ది ముంబై నుంచి వస్తూ మిఠాయి డబ్బాతో పాటు ఒక చిన్న పంజరం కూడా తెచ్చాడు. ఎర్ర ప్లాస్టిక్ అడుగు, పైన తెల్ల తీగలు, లోపల రెండంతస్తులు, ఒక నిచ్చెన, అరచేయంత చక్రం. అందులో బంగారు రంగు బొచ్చుతో, తోక ఉందా లేదా అన్నట్టు ఒక ఎలుకపిల్ల లాంటిది.

"ఎలుక కాదు బావా, హ్యామ్‌స్టర్. మేనకోడలు అడిగింది, తెచ్చిన" అన్నాడు.

మా అమ్మ దాన్ని ఎగాదిగా చూసి, "కండె లెక్క నడుమ లావు, రెండు దిక్కుల సన్నం" అన్నది. అంతే, దానికి కండె అనే పేరు పడిపోయింది.

మాది షోలాపూర్, అశోక్ చౌక్ దగ్గర. నేను అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో టవళ్ల కార్ఖానాలో సాంచాలు నడుపుతాను. మా ఆవిడ ఇంట్లో బీడీలు చుడుతుంది. రెండు ఖోలీలు, పైన పత్రాలు, లోపల మేము ఐదుగురం. ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది ఇండ్లు ఇట్లాంటివే. అందుకే ఇది రాస్తున్నాను. హ్యామ్‌స్టర్ చూడ్డానికి చిన్నది, తినేది గుప్పెడు గింజలు, అరవదు, మొరగదు. కుక్క వద్దు, పిల్లి వద్దు అన్న తల్లిదండ్రులు కూడా దీనికి సరే అంటారు. మేమూ అట్లనే అన్నాం. తర్వాత ఒక్కొక్కటే తెలిసొచ్చింది. మాకు తెలిసొచ్చేలోపు ఆ మూగజీవం పడ్డ కష్టం ఇంకో ఇంట్లో ఇంకో జీవం పడకూడదు.

నూలు చేసిన పని

వచ్చిన రోజు రాత్రి చలిగా ఉంది. "నాయినా, కండెకు పరుపు కావాలె" అన్నది మా పాప. దానికి పదకొండేళ్లు.

"మన ఇంట్ల నూలుకు కరువా బిడ్డా?" అన్నాను నేను.

మర్నాడు కార్ఖానా నుంచి వేస్టు నూలు ఇంత, టవల్ అంచుల ముక్కలు ఇన్ని తెచ్చాను. మా అమ్మ పాత దిండు విప్పి దూది ఇచ్చింది. పంజరం నిండా మెత్తగా కుక్కేశాం. కండె దాంట్లో దూరి పడుకుంటే ఇంటిల్లిపాదీ చూసి మురిసిపోయాం.

మూడో రోజు పొద్దున పాప కేకతో లేచాను. కండె వెనక కాలు ఈడుస్తోంది. చూస్తే కాలి చుట్టూ నూలుపోగు ఐదారు చుట్లు బిగుసుకుంది. పాదం వాచి ఊదారంగు తిరిగింది. పద్దెనిమిదేళ్లుగా తెగిన పోగును కండ్లు మూసుకొని ముడేస్తున్న చేయి నాది. ఆ రోజు ఆ పోగును పట్టుకోవడానికి నా వేళ్లు వణికాయి. చివరికి పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన భూతద్దం పెట్టి, సన్న కత్తెరతో ఒక్కొక్క చుట్టూ కత్తిరించాడు. కాలు దక్కింది. రెండు వేళ్లు మాత్రం నల్లబడి, వారంలో రాలిపోయాయి.

ఆయన మరాఠీలో విడమరిచి చెప్పిన సంగతులు మన ఇండ్లకు చాలా అవసరం. హ్యామ్‌స్టర్ గూడు కట్టుకోవడానికి ఏది దొరికితే అది దవడ సంచుల్లో కుక్కుకొని మోసుకుపోతుంది. దూది, నూలు అయితే ఆ సంచుల్లో అతుక్కుపోతాయి. మింగితే పేగులకు అడ్డం పడతాయి. కాలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. ఇక టవల్ గుడ్డ. మనం గొప్పగా చెప్పుకునే ఆ మెత్తటి ఉంగరాల నేతలోనే దాని గోర్లు చిక్కుకుంటాయి. కాబట్టి దూది, నూలు, చిందీలు, టవల్ ముక్కలు ఏవీ పంజరంలోకి పోవద్దు. దుకాణాల్లో "హ్యామ్‌స్టర్ పరుపు" అని అమ్మే మెత్తటి దూది కూడా వద్దు.

మరి ఏం వేయాలి? కాగితం. వాసన లేని, రంగు లేని టిష్యూ కాగితాన్ని పట్టీలుగా చించి వేస్తే అదే గూడు కట్టుకుంటుంది. అడుగున నింపడానికి కాగితంతో చేసిన పరుపు దుకాణాల్లో, ఆన్‌లైన్లో దొరుకుతుంది. వడ్రంగి దగ్గర ఊరికే వస్తుందని రంపపు పొట్టు తేవొద్దు. ఆ సన్న దుమ్ము దాని ఊపిరికి మంచిది కాదు. పైన్, దేవదారు పొట్టు అసలే వద్దు, ఆ కర్రల ఘాటు వాసన దానికి పడదు.

రాత్రంతా కటకట

కాలు నయమవుతుండగా ఇంకో గొడవ మొదలైంది. రాత్రి పదకొండు దాటితే చాలు, కండె తీగలు పట్టుకొని కొరకడం. కటకట, కటకట. "రాత్రి పూట సాంచా మన ఇంట్లనే నడుస్తున్నట్టున్నది" అని మా ఆవిడ విసుక్కునేది. పండ్లు దురద పెట్టి కొరుకుతోంది అనుకున్నాను. దాని ముందుపండ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, అది నిజం. కానీ ఒక రాత్రి రెండో పాళి ముగించుకొని వచ్చి, అన్నం తింటూ దాన్నే చూశాను. ఒక మూల కొరుకుతుంది, నాలుగడుగులు వేసి ఇంకో మూల కొరుకుతుంది, మళ్లీ మొదటి మూల. ముక్కు మీద బొచ్చు ఊడి చర్మం కనబడుతోంది. అది పండ్ల దురద కాదు, బయటికి పోవాలనే ఆరాటం.

అది ఎక్కడి జీవమో తెలుసుకుంటే ఆ ఆరాటం అర్థమవుతుంది. ఇండ్లల్లో పెంచే ఈ బంగారు రంగు హ్యామ్‌స్టర్లది సిరియా దేశం. 1930లో అహరోని అనే జంతుశాస్త్రవేత్త అలెప్పో ఊరి దగ్గర పొలంలో నేల లోతుగా తవ్వించి ఒక తల్లినీ పిల్లలనూ పట్టుకొచ్చాడు. ఇవాళ లోకమంతా ఇండ్లల్లో ఉన్న ఈ జాతి హ్యామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ ఒక్క తల్లి సంతానమే. అంటే ఇది చెట్టెక్కే జీవం కాదు, గాల్లో వేలాడేది కాదు. రాత్రంతా నేల మీద పరుగెత్తి గింజలు ఏరుకొని, పగలు మట్టిలో బొరియ తవ్వుకొని పడుకునేది. దానికి కావలసింది అంతస్తులు కాదు, నేల, తవ్వడానికి లోతు.

స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని పరీక్షించి 2006లో ప్రకటించారు. కొన్ని హ్యామ్‌స్టర్లకు 10 సెంటీమీటర్ల లోతు పరుపు, కొన్నిటికి 40, కొన్నిటికి 80 ఇచ్చారు. పదిలో ఉన్నవి తీగలు ఎక్కువగా కొరికాయి. ఎనభైలో ఉన్నవి కొరకడం వాళ్ల వీడియోల్లో ఒక్కసారీ కనబడలేదు. మా ఎర్ర పంజరంలో పరుపు లోతు రెండు వేళ్లు.

పొడవు కొలిచాను. అడుగు పొడవు, ముప్పావు అడుగు వెడల్పు. జర్మనీలో జంతువుల సంక్షేమం చూసే పశువైద్యుల సంఘం చెప్పే కనీస కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు. మా పంజరం లాంటివి ఏడింటిని పక్కపక్కన పేర్చినా ఆ నేల నిండదు. రెండంతస్తులు ఉన్నాయి కదా అని దుకాణంవాళ్లు అంటారు. ఆ లెక్క కుదరదు. దానికి చూపు తక్కువ, ఎత్తు తెలియదు, పైనుంచి పడితే కాలో నడుమో విరుగుతుంది. లెక్కపెట్టాల్సింది ఒక్కటే, ఎడతెగకుండా ఉన్న నేల ఎంత అని.

పాత మంచం కొత్త పెట్టె

అంత పెద్ద పంజరం కొనాలంటే మన పగార్‌తో అయ్యే పని కాదు. మా నాయిన మంచం ఒకటి విరిగి మూల పడి ఉంది. మా గల్లీలో వడ్ల పని చేసే అన్న దాని చెక్కలు చూసి, "గట్టి కర్ర తమ్మీ, పెట్టె అయితది" అన్నాడు. కట్టేటప్పుడు మేము చూసుకున్నవి ఇవి.

కొలత: పొడవు మీటరు, వెడల్పు అర మీటరు, ఎత్తు అర మీటరు కన్నా నాలుగు వేళ్లు ఎక్కువ. ముందువైపు కింది సగం గట్టి పారదర్శక ప్లాస్టిక్ రేకు. పరుపు బయటికి రాలదు, పిల్లలకు లోపల బొరియలు కనబడతాయి. పైసగం, మూత అంతా ఇనుప జాలీ. గాలి ఆడాలి, ముఖ్యంగా మన ఎండలకు. నైలాన్ దోమతెర వద్దు, ఒక్క రాత్రిలో కొరికేస్తుంది.

జాలీ సందు: పెద్ద జాతికి సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ, పొట్టి జాతికి ఇంకా సన్నం. తల దూరితే ఒళ్లు కూడా దూరుతుంది. మూతకు గొళ్లెం తప్పదు. లోపలిది బయటికి రాకుండా మాత్రమే కాదు, గల్లీ పిల్లులూ పందికొక్కులూ లోపలికి పోకుండా కూడా.

లోపలి చెక్క: రంగు, వార్నిష్ వేయలేదు, కొరుకుతుంది కాబట్టి. అడుగున మిగిలిపోయిన పింగాణీ బండలు పరిచాం. మూత్రం చెక్కలోకి ఇంకదు.

పరుపు: ఒకవైపు సగం పెట్టెలో 25 సెంటీమీటర్ల లోతు. రెండోవైపు తక్కువ. నింపిన రాత్రే కండె తవ్వడం మొదలుపెట్టింది. తెల్లారేసరికి రెండు ద్వారాలు.

చక్రం: ఖర్చంతా ఇక్కడే అయింది. పాత చక్రం అరచేయంత, నిచ్చెన మెట్లలా తీగలతో చేసింది. దాంట్లో పరుగెత్తితే వెన్ను విల్లులా వంగేది, వేళ్లు లేని కాలు సందుల్లోకి జారేది. చక్రం లోపల మెట్లు ఉండొద్దు, నున్నటి పట్టీ ఉండాలి. పరుగెత్తేటప్పుడు వెన్ను నిటారుగా ఉండాలి. పెద్ద జాతికి 28 సెంటీమీటర్ల చక్రం మంచిది. మేము తెప్పించిన ఒక్క చక్రానికి మిగతా పెట్టె అంత అయింది. అయినా అందులో తగ్గించకండి.

ఇల్లు: నూలు చుట్టి వచ్చే అట్ట కోను ఉంది కదా, దాన్ని అట్లనే పెట్టొద్దు. ఒక కొస సన్నం, దాంట్లో ఇరుక్కుంటుంది. నిలువునా సగానికి కోసి బోర్లిస్తే గుడిసె. కొబ్బరి చిప్ప, పక్క పగిలిన కుండ కూడా పనికొస్తాయి, అంచులు రాయితో నూరి నున్నగా చేయాలి.

ఇసుక: వెడల్పాటి పళ్లెంలో కడిగి, జల్లించి, బాగా ఎండబెట్టిన ఇసుక. దాంట్లో పొర్లి బొచ్చు శుభ్రం చేసుకుంటుంది. నీళ్లు పోసి స్నానం చేయించొద్దు. పౌడరులాంటి దుమ్ము ఇసుక వద్దు.

తిండి: హ్యామ్‌స్టర్ కోసం అమ్మే గుళికల మేత కొంత. దాంతో పాటు మన జొన్నలు, సజ్జలు పరుపు మీద చల్లుతాం. గిన్నెలో పోయం. వెతుక్కుంటూ తిరగడమే దానికి పని, ఆట. నీళ్ల సీసా మూతి పనిచేస్తుందో లేదో పాప రోజూ వేలితో నొక్కి చూస్తుంది.

ఒకటే: తోడు లేదని ఇంకోటి తేవొద్దు. ఈ జాతి పెద్దయ్యాక ఒంటరిగానే ఉంటుంది. రెండు కలిపి పెడితే ఒకటి చచ్చేదాకా కొట్లాడతాయి.

శుభ్రం చేసేటప్పుడు ఇల్లు కడిగినట్టు అంతా ఒక్కసారే తీసేయకండి. మూత్రం పోసే మూల రోజూ తీస్తాం, పచ్చి కూరగాయ దాచి ఉంటే తీస్తాం. పరుపు మార్చేటప్పుడు సగానికి పైగా పాతదే ఉంచుతాం. తన వాసన పోతే అది తన ఇల్లు కాదనుకొని బెదురుతుంది.

ఎక్కడ పెట్టాలి?

పెట్టె తయారైంది. అసలు చిక్కు అప్పుడొచ్చింది. పెట్టడానికి చోటు వెతికాం.

అటక మీద పెడదామంటే పైన పత్రాలు, మధ్యాహ్నం పెనం లెక్క కాలుతాయి. కిటికీ కింద ఎండ. టీవీ పక్కన చప్పుడు. పడమటి గోడకు ఆనిద్దామంటే ఆ గోడ అవతల పక్కింటి సాంచాలు. చేయి ఆనిస్తే గోడ వణుకు తెలుస్తుంది. మనకు అలవాటైపోయింది, పగలు పడుకునే జీవానికి, మనకు వినపడని చప్పుడు కూడా వినే చెవులకు అది నరకం. వంటగది పొగ. ఇక మిగిలింది ముందు ఖోలీలో మా ఆవిడ చేట పెట్టుకొని బీడీలు చుట్టే మూల. అక్కడ తంబాకు.

తంబాకు విషమని డాక్టరు ముందే చెప్పాడు. దాని పొడి తిన్నా, పీల్చినా ఇంత చిన్న ఒంటికి పెద్ద దెబ్బే. నేను కార్ఖానా నుంచి వచ్చేటప్పుడు బట్టలకూ జుట్టుకూ అంటుకొచ్చే దూది పొట్టు కూడా మంచిది కాదన్నాడు.

"మరి ఈ ఇంట్ల దానికి మంచి గాలి యాడుందే?" అన్నాను మా ఆవిడతో.

ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిల్లలు పండేది ఇక్కడ్నే గద" అన్నది.

నిజమే. ఆ తంబాకు చేటకు నాలుగడుగుల దూరంలోనే మా పిల్లల చాప. మా చిన్నోడు చలికాలమంతా దగ్గుతాడు. దానికి కారణం ఇదేనని నేను అనను, అది డాక్టరు చెప్పాల్సిన మాట. కానీ పత్తి దుమ్ము ఏండ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు చెడతాయనీ, దాన్ని బిసినోసిస్ అంటారనీ మన మిల్లుల్లో పనిచేసిన పెద్దవాళ్లకు తెలుసు. సుట్టీ తర్వాత పనికి పోయిన మొదటి రోజు ఛాతీ పట్టేసే జబ్బు. తెలిసీ ఇన్నేండ్లు ఆ దుమ్ము దులపకుండానే ఇంట్లోకి వచ్చాను.

ఆ వారం రెండు పనులు చేశాం. తంబాకు చేట, ఆకుల మూట బయట అరుగు మీదికి పోయాయి. మా ఆవిడ ఇప్పుడు అక్కడే పక్కింటి అక్కతో కలిసి చుడుతుంది, వానొస్తే మాత్రం తడిక దించుకుంటుంది. నేను వాకిట్లోనే అంగీ విప్పి దులిపి, చేతులూ మొహమూ కడుక్కొని లోపలికొస్తాను. పెట్టె లోపలి ఖోలీలో తూర్పు గోడకు, నేల మీద, రెండు ఇటుకల ఎత్తులో పెట్టాం. పిల్లల చాప కూడా ఆ గదిలోకే మారింది.

ఎండాకాలం

షోలాపూర్ ఎండ మీకు తెలిసిందే. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది. హ్యామ్‌స్టర్‌కు హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీలు. 30 దాటితే కష్టం మొదలవుతుంది. మనకు ఏసీలు లేవు. మేము చేసింది ఇది. లోతు పరుపు తీయలేదు, కింద చల్లగా ఉంటుంది. ఒక మూల పరుపు లేకుండా వట్టి బండ వదిలాం, దాని మీద కడుపు ఆనించి పడుకునేది. మధ్యాహ్నం తడి గోనెపట్టాను పెట్టెకు ఒకవైపు, జానెడు దూరంలో వేలాడదీశాం. నీళ్ల సీసా గడ్డకట్టించి, గుడ్డ చుట్టి జాలీ మీద పెట్టాం. ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వలేదు, ఒంటి మీద నీళ్లు చల్లలేదు. కాళ్లు చాచి కదలకుండా పడి ఉన్నా, తూలుతూ నడిచినా, మూతి తడిగా ఉన్నా ఆలస్యం చేయకుండా చల్లటి చోటికి మార్చి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. కండె ఈ ఎండాకాలం గట్టెక్కింది.

కొనేముందు

పిల్లలు అడిగితే ఏం చెప్పాలి? ముందు మీటరు టేపు వాళ్ల చేతికి ఇవ్వండి. ఇంట్లో మీటరు పొడవు, అర మీటరు వెడల్పు చోటు చూపించమనండి. ఎండ పడొద్దు, గోడ వణకొద్దు, తంబాకూ దుమ్మూ ఉండొద్దు. అట్లాంటి చోటు దొరికితే పెట్టె కట్టండి. పెట్టె కట్టి, పరుపు నింపి, చక్రం పెట్టిన తర్వాత జీవాన్ని తెండి. దొరకకపోతే వద్దని చెప్పండి. రెండు మూడేండ్లు బతికే జీవాన్ని అగ్గిపెట్టెలో పెట్టడం కన్నా పిల్ల రెండు రోజులు ఏడవడం నయం.

పగలు లేపి ఆడుకోనివ్వకండి. మా చిన్నోడు ఒకసారి మధ్యాహ్నం లేపితే వేలు కరిచింది. వాడు నా దగ్గరికి ఏడ్చుకుంటూ వస్తే, "రాత్రిపాళి చేసి పండుకున్నోణ్ని లేపితే నేనైనా కరుస్తా బిడ్డా" అన్నాను.

తీగలు కొరకడం పెట్టె మారిన రెండు వారాల్లో తగ్గి, తర్వాత ఆగిపోయింది. ముక్కు మీద బొచ్చు మళ్లీ వచ్చింది. ఇప్పుడు అర్ధరాత్రి దాటాక నేను వాకిట్లో బట్టలు దులుపుతుంటే, లోపల చక్రం తిరుగుతున్న చప్పుడు మెల్లగా వినిపిస్తుంది. అన్నం తింటూ కాసేపు చూస్తాను. ఆ వేళకు ఇంట్లో మెలకువగా ఉండేది మేమిద్దరమే.

మొన్న మా బామ్మర్ది ఫోను చేసి, "దసరాకు వస్తున్న, ఇంకోటి తేవాల్నా?" అని పాపను అడిగాడు. అది ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"వద్దు మామా. మన ఇంట్ల పెట్టె ఒక్కటే ఉన్నది."